ఎనిమిదో ఇన్నింగ్స్ నుంచి చేతిరాత మారింది

పోయిన శీతాకాలం గట్టి వానలకి మా గరాజ్‌లోకి నీళ్ళొచ్చాయి. అన్నిటికంటే ముందు నేను పైకి తెచ్చింది ఒక అట్టపెట్టె. అందులో 2001 నుంచి 2024 దాకా పెన్సిల్‌తో రాసుకున్న స్కోరు పుస్తకాలున్నాయి. అన్నీ ఒక్క బేస్‌బాల్ జట్టువే, ఓక్లాండ్ ఎథ్లెటిక్స్‌వి. ఇక్కడ అందరూ 'ఏస్' అని పిలుచుకునే జట్టు.

అడుగున ఉన్నవి కొంచెం తడిశాయి. డైనింగ్ టేబుల్ మీద పాత దుప్పటి పరిచి ఒక్కొక్కటీ తెరిచి ఆరబెడుతుంటే 2002 సెప్టెంబర్ 4 పేజీ వచ్చింది. బేస్‌బాల్లో మ్యాచ్‌కి తొమ్మిది ఇన్నింగ్స్‌లు. ఆ పేజీలో ఏడో ఇన్నింగ్స్ వరకు నా రాత. ఎనిమిది, తొమ్మిది ఇన్నింగ్స్‌లు మాత్రం వేరే చేతిరాత, సన్నగా కుడివైపుకి వాలిన అంకెలు. ఆ అంకెలు రాసినాయన ఇప్పుడు లేరు. ఆ జట్టూ ఇప్పుడు ఆ ఊళ్ళో లేదు.

నేను కాలిఫోర్నియాలో ఓక్లాండ్‌కి దగ్గరున్న ఫ్రీమాంట్ వచ్చింది 2000 చివర్లో. నలుగురం బ్యాచిలర్స్, రెండు గదుల అపార్ట్‌మెంట్. 2001 మార్చిలో ఈడెన్ గార్డెన్స్‌లో లక్ష్మణ్ 281 కొట్టినప్పుడు రాత్రంతా కంప్యూటర్ ముందు కూర్చుని పేజీ రిఫ్రెష్ చేస్తూ స్కోరు చూసినవాళ్ళం. మా హైదరాబాదీ ఆటకి మురిసిపోయి తెల్లారి నిద్రకళ్ళతోనే ఆఫీసులకి వెళ్ళాం. క్రికెట్ తప్ప ఇంకో ఆట ఉంటుందని మాకెవరికీ పట్టింపు లేదు.

ఆ ఏడాదే ఇక్కడ కంపెనీలు ఒక్కొక్కటే మూతపడటం మొదలైంది. శుక్రవారం మధ్యాహ్నం మేనేజర్ పిలిస్తే గుండె ఆగినంత పనయ్యేది. హెచ్-1 వీసా మీద ఉన్నవాడికి ఉద్యోగం పోతే ఈ దేశంలో నీళ్ళూ నిప్పులూ ఉండవు. ఆ టెన్షన్‌లో, ఏప్రిల్లో ఒక సాయంత్రం ఇంటికెళ్ళబుద్ధి కాక ఫ్రీమాంట్‌లో బార్ట్ రైలెక్కాను. అప్పట్లో ఆ లైనుకి ఫ్రీమాంటే చివరి స్టేషన్. యూనియన్ సిటీ, రెండు హేవర్డ్‌లు, బే ఫెయిర్, శాన్ లియాండ్రో దాటాక కొలీజియం స్టేషన్లో బోగీలో సగం మంది పచ్చ టోపీలవాళ్ళు దిగారు. వాళ్ళ వెనకే దిగి, ఇనప కంచె వేసిన పొడవాటి నడక వంతెన దాటి, అన్నిటికంటే చౌక టికెట్ కొనుక్కుని పైన కూర్చున్నాను.

కొలీజియం అందమైన స్టేడియం కాదు. 1966లో కట్టిన కాంక్రీటు గుండ్రం. 1990ల మధ్యలో ఫుట్‌బాల్ జట్టు తిరిగొస్తోందని సెంటర్‌ఫీల్డ్ వెనకాల ఒక పెద్ద గోడలాంటి స్టాండ్ లేపారు. అంతకు ముందు అక్కడి నుంచి ఓక్లాండ్ కొండలు కనబడేవట. నేనొచ్చేసరికి కాంక్రీటే కనబడేది. అయినా రైట్‌ఫీల్డ్ వెనక బెంచీల మీద డ్రమ్ములు మోగేవి, గాలి చల్లగా వీచేది, వేరుశెనగలు ఒలుచుకుంటూ మూడు గంటలు గడిచిపోయేవి. బుధవారాల్లో టికెట్లు మరీ చౌక. బుధవారం బుధవారం వెళ్ళడం అలవాటైంది.

అలా వెళ్తున్న రోజుల్లోనే పెద్దాయన పరిచయమయ్యారు. ఓక్లాండ్ పోర్టులో సరుకు దించే పని చేసి రిటైరైన నల్లజాతి ఆయన. మూడో బేస్ వైపు పై అంతస్తులో రెండు సీజన్ టికెట్లు ఆయనవి. రెండోది భార్యది. ఆవిడ పోయి మూడేళ్ళయినా ఆ టికెట్ కొనడం మానలేదు. నేను నాలుగు వరసల వెనక నుంచి ఆయన ఒళ్ళోని పుస్తకంలోకి తొంగి చూస్తుంటే, "అక్కడి నుంచి ఏం కనిపిస్తుంది, ఇలా రా" అని ఆ సీట్లో కూర్చోబెట్టుకున్నారు.

స్కోరు రాయడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. పిచ్చర్ 1, క్యాచర్ 2, మొదటి బేస్ 3, రెండో బేస్ 4, మూడో బేస్ 5, షార్ట్‌స్టాప్ 6. బయట నిలబడే ముగ్గురూ ఎడమ నుంచి 7, 8, 9. షార్ట్‌స్టాప్ బంతి ఆపి రెండో బేస్‌కీ, అక్కడి నుంచి మొదటి బేస్‌కీ వేసి ఇద్దర్ని ఔట్ చేస్తే 6-4-3. స్ట్రయికౌట్ అయితే 'కె' అక్షరం. బ్యాట్ ఊపకుండా చూస్తూ ఔటైతే అదే 'కె' తిరగేసి రాయాలి. పదేళ్ళ తర్వాత పేజీ తెరిచినా ఆ మ్యాచ్ బంతి బంతీ కళ్ళ ముందుకొస్తుందని ఆయన అన్నారు. ఇరవై మూడేళ్ళ తర్వాత తడి పేజీలు తిప్పుతుంటే అలాగే వచ్చింది.

నాకిది కొత్త కాదు. మా నాన్న బాపట్ల దగ్గర జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల మాస్టారు. టెస్టు మ్యాచ్‌లప్పుడు ట్రాన్సిస్టర్ చెవి దగ్గర పెట్టుకుని పాత డైరీలో ఓవర్ ఓవర్‌కీ గీతలు పెట్టేవారు. పెద్దాయన పెన్సిల్ చెక్కుకునే తీరు చూసినప్పుడల్లా నాకు మా అరుగు గుర్తొచ్చేది.

ఇక జట్టు సంగతి. 2001లో ఏస్ 102 మ్యాచ్‌లు గెలిచింది. టిమ్ హడ్సన్, మార్క్ మల్డర్, బ్యారీ జీటో అని ముగ్గురు కుర్ర పిచ్చర్లు. మొదటి బేస్‌లో జేసన్ జియాంబీ, షార్ట్‌స్టాప్‌లో మిగెల్ తెహాదా. సీజన్ చివర్లో విజేతని తేల్చే ప్లేఆఫ్స్‌లో యాంకీస్ మీద న్యూయార్క్‌లో మొదటి రెండూ గెలిచి మా ఊరొచ్చారు. అయిదు మ్యాచ్‌ల సిరీస్, ఇంకొక్కటి గెలిస్తే అయిపోతుంది. అక్టోబర్ 13, శనివారం. స్టేడియంలో 55 వేల పైన జనం. పెద్దాయన రెండో టికెట్ నాకే ఇచ్చారు.

జీటో ఒకే ఒక్క తప్పు బంతి వేశాడు. యాంకీస్ క్యాచర్ పొసాడా దాన్ని మైదానం బయటికి కొట్టాడు, అంటే హోమ్ రన్. 1-0. ఏడో ఇన్నింగ్స్‌లో ఇద్దరు ఔటయ్యాక (ముగ్గురు ఔటైతే వంతు అయిపోతుంది) మా టెరెన్స్ లాంగ్ రైట్‌ఫీల్డ్ మూలకి కొట్టాడు. మొదటి బేస్ మీదున్న జెరెమీ జియాంబీ, అంటే జేసన్ తమ్ముడు, బేస్‌లన్నీ చుట్టి ఇంటికి, అంటే చేరితే పరుగు వచ్చే హోమ్ ప్లేట్‌కి, పరుగెత్తుతున్నాడు. అక్కడి నుంచి వచ్చిన త్రో మధ్యలో అందుకోవాల్సిన ఇద్దరి తలల మీదుగా పోయింది. స్కోరు సమం అయిపోయిందని అందరం లేచి నిలబడ్డాం. ఎక్కడో మైదానం మధ్యలో ఉండాల్సిన షార్ట్‌స్టాప్ జీటర్ అడ్డంగా పరుగెత్తుకొచ్చి, దొర్లుతున్న బంతి తీసి, పక్కకి అలా విసిరాడు. జియాంబీ కిందకి జారలేదు. నిలబడే పరుగెత్తాడు. ప్లేట్ చేరేలోపే క్యాచర్ బంతి ఉన్న గ్లవ్ కాలికి తాకించాడు, దాన్నే ట్యాగ్ అంటారు. ఔట్.

యాభై ఐదు వేల మంది ఒక్కసారిగా నోరు మూసుకుంటే ఎలా ఉంటుందో నేను మొదటిసారి విన్నది ఆ రోజే. పెద్దాయన పెన్సిల్ గాల్లో పట్టుకుని చాలాసేపు ఉండిపోయారు. తర్వాత మెల్లగా 9-6-2 అని రాశారు. "ఈ మధ్య అంకె చూడు. వీడికి అక్కడేం పని?" అన్నారు. నా పుస్తకంలోనూ అదే రాసుంది. పెన్సిల్ ముల్లు విరిగిన గుర్తు కూడా ఉంది. తర్వాతి రెండూ ఓడి ఇంటికెళ్ళాం.

ఆ చలికాలం జేసన్ జియాంబీ యాంకీస్‌కే వెళ్ళిపోయాడు. జానీ డేమన్ బాస్టన్‌కి, ఆఖర్లో బంతులేసే ఇస్రింగ్‌హౌసెన్ సెయింట్ లూయీకి. మాకు డబ్బుల్లేవు. 2002లో ఏస్ జీతాల మొత్తం 4 కోట్ల డాలర్ల ప్రాంతం. యాంకీస్‌ది దానికి మూడింతలు. అప్పుడు జనరల్ మేనేజర్ బిల్లీ బీన్ మిగతావాళ్ళు వద్దన్నవాళ్ళని ఏరి తెచ్చాడు. ఎలా ఏరాడో తర్వాత పుస్తకంగా వచ్చింది, సినిమా తీశారు. నాకు మాత్రం అది పెద్దాయన నోటితోనే తెలిసింది.

స్కాట్ హ్యాటెబర్గ్ క్యాచర్. మోచేతి నరం దెబ్బతిని బంతి విసరలేకపోతే అతన్ని తీసుకొచ్చి ఎన్నడూ ఆడని మొదటి బేస్‌లో పెట్టారు. ఎందుకయ్యా అంటే, అతను వదిలేయాల్సిన బంతి వదిలేస్తాడు. ప్లేట్ మీదుగా రాని బంతులు నాలుగు వదిలేస్తే మొదటి బేస్ ఉచితంగా ఇస్తారు. దాన్ని వాక్ అంటారు. స్టేడియంలో దానికి చప్పట్లు పెద్దగా పడవు. కానీ పెద్దాయన ప్రతి వాక్‌కీ పుస్తకం మీద పెన్సిల్‌తో టకటకమని రెండుసార్లు కొట్టేవారు. "ఔట్ కాకుండా ఉన్నాడు, బేస్ మీద ఉన్నాడు, ఇంకేం కావాలి?" అనేవారు. రోజూ ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియని నాకు ఆ మాట ఎంత ధైర్యమిచ్చిందో ఆయనకి ఎప్పుడూ చెప్పలేదు.

ఆగస్టు 13న మొదలుపెట్టి ఏస్ వరసగా గెలుస్తూ పోయింది. ఆ నెలాఖర్లో ఆటగాళ్ళ సమ్మె గండం కూడా ఆఖరి నిమిషంలో తప్పింది. పద్దెనిమిదో గెలుపు ట్విన్స్ మీద, తొమ్మిదో ఇన్నింగ్స్‌లో తెహాదా హోమ్‌ రన్‌తో. పంతొమ్మిదోది రాయల్స్ మీద, మళ్ళీ తొమ్మిదో ఇన్నింగ్స్‌లోనే, మళ్ళీ తెహాదానే. ఇంకొక్కటి గెలిస్తే అమెరికన్ లీగ్‌లో అంతవరకు ఎవరూ అందుకోని ఇరవై.

సెప్టెంబర్ 4, బుధవారం. మూడు ఇన్నింగ్స్‌లు అయ్యేసరికి మేం 11, రాయల్స్ 0. నాలుగో దాంట్లో వాళ్ళు అయిదు చేశారు. అయినా 11-5 అంటే భయమేముంది? తొమ్మిదిన్నరకి హైదరాబాద్ టీమ్‌తో నాకు రిలీజ్ కాల్ ఉంది. అప్పటికి మా టీమ్‌లో సగం మందిని తీసేశారు. కాల్‌కి రాలేదన్న మాట పడే స్థితిలో లేను. ఏడో ఇన్నింగ్స్ కాగానే లేచాను. "రెండు ఇన్నింగ్స్‌లే కదా" అన్నారు పెద్దాయన. ఉద్యోగం సంగతి చెప్పాను. ఇంకేం అనలేదు, భుజం తట్టి పంపించారు.

ఆరోజు కారులో వచ్చాను. 880 హైవే మీద దక్షిణానికి వెళ్తూ రేడియో పెట్టాను. ఏస్‌కి బిల్ కింగ్ అని గొప్ప కామెంటేటర్ ఉండేవారు. 2005లో పోయారు. ఆయన గొంతులో బంతి కళ్ళకి కనబడేది. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో రాయల్స్ వరసగా పరుగులు తీస్తున్నారు. యూనియన్ సిటీ దాటుతుంటే వాళ్ళ స్వీనీ హోమ్‌ రన్ కొట్టాడు. 11-10. స్టీరింగ్ మీద చేతులు చెమటలు పట్టాయి. ఆఫీసు పార్కింగ్‌లోకి వచ్చేసరికి తొమ్మిదీ ఇరవై ఎనిమిది. ఇంజిన్ ఆపాను, రేడియో ఆపలేదు. పైన మూడో అంతస్తులో మా కాన్ఫరెన్స్ గది లైటు వెలుగుతోంది, లోపల ఎవరో అటూ ఇటూ తిరుగుతున్నారు. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో రాయల్స్ ఇంకో పరుగు తీశారు. 11-11.

పైకి వెళ్ళలేకపోయాను. మా వంతులో మొదటివాడు ఔట్. తర్వాత ఎరిక్ బర్న్స్ బదులు హ్యాటెబర్గ్‌ని పంపారు. మొదటి బంతి వదిలేశాడు. అతని పని అదే కదా. రెండోది కొట్టాడు. బిల్ కింగ్ గొంతు లేచింది, దాని వెనక స్టేడియం హోరు లేచింది, ఏ మాటా వేరుగా వినబడలేదు. ఖాళీ పార్కింగ్‌లో, ఆఫీసు చొక్కాలో, కారు టాప్ మీద అరచేత్తో బాదుతూ తెలుగులో అరిచాను. 12-11. ఇరవై.

కాల్‌కి ముప్పావుగంట ఆలస్యంగా వెళ్ళాను. అవతల హైదరాబాద్‌లో వాళ్ళ బిల్డ్ ఆగిపోయి ఇంకా మొదలే కాలేదు. నా అదృష్టం.

ఆ నెలలోనే మళ్ళీ స్టేడియంలో కలిసినప్పుడు పెద్దాయన నా పుస్తకం అడిగి తీసుకున్నారు. ఖాళీగా ఉన్న రెండు ఇన్నింగ్స్‌లూ తన పుస్తకంలోంచి చూసి, గడి గడీ తన చేత్తో నింపారు. హ్యాటెబర్గ్ గడిలో నాలుగు బేస్‌లూ కలిపి గీసిన వజ్రం ఆకారం ముదురుగా, కాగితం చిరిగేంత ఒత్తి గీశారు. తడిసినా అది మాత్రం చెరగలేదు.

ఆ ఏడాది మేం గెలిచిన మ్యాచ్‌లు 103. మూడింతల డబ్బున్న యాంకీస్ గెలిచినవీ 103. ఇది నేను ఎక్కడైనా, ఎవరితోనైనా గర్వంగా చెప్తాను.

ప్లేఆఫ్స్ మాత్రం వేరే కథ. 2000 నుంచి 2003 దాకా నాలుగేళ్ళూ మొదటి రౌండ్‌లోనే, నాలుగుసార్లూ అయిదో మ్యాచ్‌లోనే పోయాం. ఒక్కటి గెలిస్తే చాలు అన్న మ్యాచ్‌లు మొత్తం తొమ్మిది, తొమ్మిదీ ఓడాం. అయిదు మ్యాచ్‌ల సిరీస్‌లో ఏమైనా జరగొచ్చు, అది అదృష్టం అని చాలామంది అంటారు. నేను పూర్తిగా ఒప్పుకోను. 2001లో జియాంబీ జారలేదు. 2003లో బాస్టన్‌లో బర్న్స్ హోమ్ ప్లేట్ తాకకుండానే దాటిపోయాడు, అదే మ్యాచ్‌లో తెహాదా అంపైర్ తనకే పరుగిస్తాడనుకుని మూడో బేస్ దాటాక పరుగు ఆపేశాడు. ఇద్దరూ ఔటే. బేస్ మీదకి చేరడం ఆ జట్టుకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. బేస్ మీద నుంచి ఇంటికి చేరడం దగ్గరే వాళ్ళు తడబడ్డారు. వాళ్ళని ఎంత ప్రేమించినా ఆ పేజీలు అదే చెప్తున్నాయి.

2006లో అమ్మా నాన్నా వచ్చారు. అక్టోబర్ 6, శుక్రవారం, ట్విన్స్ మీద మూడో మ్యాచ్. ఆఫీసుకి సెలవు పెట్టి నాన్నని తీసుకెళ్ళాను. పెద్దాయన పక్కన నాన్న, నాన్న పక్కన నేను. ఇద్దరూ లెక్కల మనుషులే. రెండో ఇన్నింగ్స్‌కల్లా నాన్న నా పుస్తకం లాక్కుని తనే రాయడం మొదలుపెట్టారు. మార్కో స్కుటారో అని మాకొక చిన్న ఆటగాడు. అతను వస్తే స్టేడియం సగం "మార్కో!" అంటే మిగతా సగం "స్కుటారో!" అనేది. బేస్‌లన్నీ నిండి ఉండగా అతను డబుల్, అంటే తను రెండో బేస్ దాకా చేరే దెబ్బ, కొట్టినప్పుడు మా నాన్న, జన్మలో గట్టిగా అరవని మనిషి, లేచి నిలబడి "స్కూటారో!" అని దీర్ఘం తీసి మరీ అరిచారు. 8-3తో గెలిచి సిరీస్ ఊడ్చేశాం. 1990 తర్వాత ఏస్‌కి అదే మొదటి సిరీస్ గెలుపు. పెద్దాయన కళ్ళు తుడుచుకుంటుంటే నాన్న ఏమీ మాట్లాడకుండా తన పైకండువా అందించారు. ఆ తర్వాతి సిరీస్‌లో డెట్రాయిట్ టైగర్స్ చేతిలో నాలుగూ ఓడాం. దాని గురించి రాయడానికేం లేదు.

పెద్దాయన ఆఖరిసారి వచ్చింది 2012లో. జూన్ 30న రేంజర్స్ కంటే 13 మ్యాచ్‌లు వెనకున్న జట్టు, సీజన్ ఆఖరి రోజు ఆ రేంజర్స్‌నే ఓడించి డివిజన్ గెలిచింది. ఇరవై గెలుపుల జట్టు కంటే నాకు ఇదే ఎక్కువ ఇష్టం. పేరున్నవాడు ఒక్కడూ లేడు. ప్లేఆఫ్స్‌లో మళ్ళీ టైగర్స్, మళ్ళీ అయిదో మ్యాచ్. వాళ్ళ పిచ్చర్ వెర్లాండర్ మా వాళ్ళని కదలనివ్వలేదు. 6-0. అప్పుడు జరిగింది నేనెక్కడా చూడలేదు. ఓడిపోయిన జట్టు కోసం స్టేడియం మొత్తం లేచి నిలబడి "లెట్స్ గో ఓక్లాండ్" అని అరుస్తూనే ఉంది. అవతల గెలిచి గంతులేస్తున్న టైగర్స్ ఆటగాళ్ళు కూడా ఆగి జనానికి టోపీలు తీశారు. పెద్దాయన మోకాళ్ళ నొప్పితో లేవలేకపోతే నా మోచెయ్యి పట్టుకుని లేచారు. 2016లో పోయారు. వాళ్ళమ్మాయి ఫోన్ చేసి, నాన్న మీకోసం ఒక పెన్సిల్ డబ్బా పెట్టారని చెప్పింది.

తర్వాతి సంగతులు త్వరగా చెప్పేస్తాను, మనసొప్పక. మంచి ఆటగాళ్ళని ఒక్కొక్కర్నీ పంపించేశారు. 2023లో 112 ఓటములు. లాస్ వేగాస్‌కి తరలిస్తామన్నారు. ఆ జూన్ 13న అభిమానులే పిలుపిచ్చి స్టేడియం నింపారు, 27,759 మంది, 'సెల్' అని రాసిన పచ్చ చొక్కాలతో, జట్టుని అమ్మెయ్యమని యజమానిని అడుగుతూ. లీగ్‌లో అన్నిటికంటే బాగా ఆడుతున్న రేస్‌ని ఆ రాత్రి మా చెత్త జట్టు 2-1తో ఓడించింది. వరసగా ఏడో గెలుపు. వాళ్ళూ ఆ రాత్రి మాకోసమే ఆడారని నా నమ్మకం. నవంబర్‌లో మిగతా జట్ల యజమానులు తరలింపుకి ఓటేశారు.

2024 సెప్టెంబర్ 26. ఓక్లాండ్‌లో ఆఖరి మ్యాచ్, గురువారం మధ్యాహ్నం. మా అమ్మాయి కాలేజీ ఎగ్గొట్టి నాతో వచ్చింది. పాత రోజుల్లాగే ఫ్రీమాంట్‌లో రైలెక్కాం. 46,889 మంది. ఓక్లాండ్‌లోనే పెరిగి, ఆ మైదానంలోనే బేస్ దొంగతనాల (పిచ్చర్ బంతి వేస్తుండగానే తర్వాతి బేస్‌కి పరుగెత్తి చేరడం) రికార్డు బద్దలుకొట్టిన రికీ హెండర్సన్ మొదటి బంతి వేయడానికి వచ్చాడు. ఆ డిసెంబర్‌లోనే ఆయనా పోయాడు. జీటో జాతీయ గీతం పాడాడు. 2001లో ఒక్క తప్పు బంతి వేసిన ఆ కుర్రాడేనా అని చూస్తూ ఉండిపోయాను.

మూడో బేస్ వైపు పై అంతస్తులో అవే రెండు సీట్లు దొరకలేదు, రెండు వరసల అవతల దొరికాయి. పుస్తకం అమ్మాయి ఒళ్ళో పెట్టి, పెద్దాయన డబ్బాలోంచి పెన్సిల్ తీసిచ్చాను. ఆరో ఇన్నింగ్స్ దాకా నేను చెప్తుంటే రాసింది, ఆ తర్వాత చెప్పాల్సిన పని లేకపోయింది. ఏస్ 3, రేంజర్స్ 2. తొమ్మిదో ఇన్నింగ్స్, ఇద్దరు ఔట్. చుట్టూ అందరూ నిలబడే ఉన్నారు. బంతి మూడో బేస్ వైపు దొర్లింది, అక్కడి నుంచి మొదటి బేస్‌కి.

చుట్టూ కొందరు ఏడుస్తున్నారు, కింద జనం కప్పుల్లో మైదానం మట్టి నింపించుకుంటున్నారు. అమ్మాయి తల వంచి గడిలో 5-3 అని రాసింది, సన్నగా, కొంచెం కుడివైపుకి వాల్చి. రాశాక పెన్సిల్‌తో పుస్తకం మీద రెండుసార్లు కొట్టింది. అలా కొట్టడం ఎప్పుడు చూసి నేర్చుకుందో నాకు తెలియదు. నన్ను చూసే అయ్యుంటుంది.